డబ్బాలో అత్తమ్మ

మొన్న మానుకోట దగ్గర మా మేనత్త ఊరికి వెళ్లి వచ్చాను. కాగితాల మీద అది మహబూబాబాద్ జిల్లా. మా వాళ్ల నోట మాత్రం ఇప్పటికీ మానుకోటే. అత్తమ్మ ఇంట్లో లేదు. కంటి ఆపరేషన్ చేయించుకుని భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంది. మామ ఒక్కడే తన వంట తాను వండుకుంటూ, ఉప్పు తానే ఎక్కువ వేసుకుని తానే తిట్టుకుంటూ కాలం గడుపుతున్నాడు. అన్నాలు తిన్నాక బావి దగ్గరకు వెళ్లాం. మోటారు కొట్టంలో స్టార్టరు పక్కన, గోడకు కొట్టిన చెక్క మీద, టిఫిన్ బాక్సంత రేకు డబ్బా ఒకటి వేలాడుతోంది. దాని మీద కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. అది నేను చేసిన డబ్బా. ఇంజనీరునని చెప్పుకుంటూ ఈ లోకంలోకి నేను వదిలిన మొట్టమొదటి వస్తువు. "తీసేద్దామా మామా, ఇంకెందుకు?" అన్నాను. "ఉండనియ్యి. అదేమన్న అన్నం అడుగుతాందా?" అన్నాడు మామ, కందిరీగల జోలికి పోకుండా తువ్వాలతో డబ్బా మీది దుమ్ము దులుపుతూ.

ఈమధ్య ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు నన్ను పిలుస్తున్నారు. కొత్త వస్తువు ఎలా తయారు చేయాలి, స్టార్టప్ ఎలా నడపాలి, పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటారు. నేను వెళతాను. తెర మీద బొమ్మలు వేసి, ముందు కస్టమర్ ఇంటికి వెళ్లండి, ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి అని చెబుతాను. వాళ్లు శ్రద్ధగా రాసుకుంటారు. ఇంటికి తిరిగి వచ్చాక మాత్రం, అసలు సంగతి దాచిపెట్టి పైపైన ఏదో చెప్పి వచ్చినట్టు అనిపిస్తుంది. ఎందుకంటే ఆ ముక్క నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మిరపకాయల కల్లంలో, ముక్కూ కళ్లూ కారుతుండగా నేర్చుకున్నాను. దాన్ని బొమ్మల్లో ఎలా పెట్టాలో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

అప్పట్లో వ్యవసాయానికి కరెంటు రోజంతా ఉండేది కాదు. విడతలుగా ఇచ్చేవాళ్లు, ఆ విడతలు కూడా చెప్పిన వేళకు వచ్చేవి కావు. వస్తుందేమోనని రైతు బావి దగ్గర కాపలా కాయాలి, లేదంటే ఇంటికీ పొలానికీ మధ్య కాళ్లరిగేలా తిరగాలి. చీకట్లో గట్ల మీద నడిచి పురుగూ పుట్రా కుట్టి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు ఉండేవి, నిజమే. కానీ అందరూ అవి పెట్టుకుంటే మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. కాలిందంటే మళ్లీ బాగయ్యేదాకా ఊరంతా నోళ్లు తెరుచుకుని చూడాల్సిందే. అందుకని నేనూ, నాతో చదువుకున్న ఫణీ కలిసి ఈ డబ్బా తయారు చేశాం. లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది. కరెంటు రాగానే డబ్బా రైతుకు ఫోన్ చేసి, కరెంటు వచ్చిందని చెబుతుంది. రైతు ఎక్కడున్నా సరే, ఫోన్‌లో ఒకటి నొక్కితే మోటారు నడుస్తుంది, రెండు నొక్కితే ఆగుతుంది. చెప్పుకుంటే ఇంతే.

మా బాపు భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేసేవాడు. నేను పుట్టి పెరిగింది కార్మికుల క్వార్టర్లలో. మా ఇంట్లో లేవడం, తినడం, పడుకోవడం అన్నీ గని సైరన్ చెప్పినట్టే. పొలమంటే సెలవులకు వెళ్లే అత్తమ్మ ఊరు, అంతకు మించి నాకు తెలియదు. చదువు అయ్యాక చెల్పూర్ కరెంటు ప్లాంటులో తన కూతురికి ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుందని బాపు ఆశ. నేను డబ్బాలు పట్టుకుని మానుకోట పోతానంటే, "కొలువు ఇడిసిపెట్టి డబ్బాలు అమ్ముకుంటవా బిడ్డా?" అని ఒక్క మాట అన్నాడు. ఆ తర్వాత తనే బస్టాండుకు వచ్చి, బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరి నాకు సీటు పట్టాడు. బాపు ఒప్పుకోవడం అంటే అదే. అంతకన్నా ఎక్కువ మాటలు ఆయన దగ్గర దొరకవు.

అత్తమ్మ ఇంట్లోకి అడుగుపెట్టగానే కొత్తవాళ్లకు తుమ్ములు, పాతవాళ్లకు ఆకలి. మిరప కోతల కాలంలో వాకిట్లో, అరుగు మీద, చివరికి మంచాల కింద కూడా ఎర్రటి కాయలే. పొద్దున వాకిట్లో చల్లిన పేడనీళ్ల వాసన కాసేపు ఉండేది, ఎండ పడగానే మిరప ఘాటు దాన్ని తరిమేసేది. అత్తమ్మ కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుని జొన్నరొట్టెలు చరుస్తుంటే ఆ చప్పుడు వీధి మొదట్లోకి వినిపించేది. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ చేత్తో పిసికి వేసేది, కత్తితో కోస్తే దానికి రుచి రాదని. తను తినేటప్పుడు మాత్రం కంచం చేతిలో పట్టుకుని గడప మీద కూర్చునేది. కళ్లన్నీ వీధి మీదే, తను చూడకపోతే వీధి ఎటైనా పారిపోతుందేమో అన్నట్టు. మామ మెతక మనిషి. అత్తమ్మ అడిగిన ప్రతిదానికీ "ఆఁ, ఇన్న" అనేవాడు. విన్నాడో లేదో ఆయనకే తెలియాలి.

మిరపకాయ ఏరే ఆడవాళ్ల ముఠాకు అత్తమ్మే పెద్ద. ఎవరి చేనుకు ఎందరు వెళ్లాలో, ఎవరు రాలేదో, ఎవరికి జ్వరమో అంతా ఆమె చూసుకోవాలి. ఇంకా మసక ఉండగానే మూడు దారులు కలిసే చోట నిలబడి పిలుపు మొదలుపెట్టేది. "లచ్చిమీ! ఓ లచ్చిమీ! సద్ది గట్టినవా లేదా? పొద్దెక్కుతాంది, కదులుండ్రి!" ఆ పిలుపుకు ఊరు ఊరంతా లేచేది. పనికి పోయేవాళ్లే కాదు, పోనివాళ్లూ లేచేవాళ్లు. సైరన్ మోగినా దుప్పటి కప్పుకుని పడుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటే. అత్తమ్మ పిలిస్తే మాత్రం ఆ ఎత్తులు సాగేవి కావు. సైరన్‌కు మన పేరు తెలియదు కదా.

అలాంటి అత్తమ్మ ఫణి ముందు మూగదైపోయింది. ఫణిది ఆంధ్ర వైపు, కృష్ణా ఒడ్డున ఒక ఊరు, మహా మర్యాదస్తుడు. "అత్తయ్యగారూ, కాస్త మంచినీళ్లు ఇస్తారా అండీ" అంటే చెంబు తెచ్చి ముందు పెట్టి వెళ్లిపోయేది. "పులుసు చాలా బాగుందండీ" అంటే తల ఊపేది. ఇంకో రొట్టె కావాలా అని కూడా చేతి సైగతోనే అడిగేది. తన వల్ల ఏదో తప్పు జరిగిందనుకుని వాడు తిన్న కంచం తనే కడగడం మొదలుపెట్టాడు. దాంతో ఆమె ఇంకా బిగుసుకుపోయింది, వచ్చిన చుట్టం చేత కంచాలు కడిగిస్తున్నారని ఊళ్లో అనుకుంటారని.

అసలు కథ మామ చెప్పాడు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ డోర్నకల్‌లో రైలెక్కి ఆంధ్ర వైపు ఏదో ఊరికి, మామకు తెలిసిన రైల్వే ఆయన ఇంట్లో పెళ్లికి వెళ్లారట. బంతిలో కూర్చున్న అత్తమ్మ తన మామూలు గొంతుతో, "కూర జర ఇటు పట్టుకరాండ్రి" అందట. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒకావిడ, మళ్లీ అనమ్మా, మళ్లీ అను అని అడిగి మరీ చెప్పించుకుని, అవతలి వరసలో వాళ్లను కూడా పిలిచింది వినడానికి. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఆ మాట వాళ్లు అంతవరకు సినిమాల్లో రౌడీ నోటా, హాస్యగాడి నోటా తప్ప వినలేదు. పట్టుచీర కట్టుకుని పెళ్లికి వచ్చిన మనిషి అలా మాట్లాడేసరికి వాళ్లకు నవ్వు ఆగలేదు. అత్తమ్మ మాత్రం ఆ పెళ్లిలో మళ్లీ నోరు తెరవలేదు. పరాయివాళ్ల ముందు ఆ తర్వాత ఎప్పుడూ తెరవలేదు. బ్యాంకుకు పోతే పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. దవాఖానకు పోతే తన నొప్పి మామ చెవిలో చెప్పేది, మామ డాక్టరుకు చెప్పేవాడు. ఊరిని లేపే గొంతు ఊరి పొలిమేర దాటితే లేదు. అది విన్న రోజు నాకు ఏడుపొచ్చింది. ఫణి అయితే రెండు పూటలు సరిగ్గా తినలేదు.

ఇక డబ్బా సంగతి. మామ బావికీ, మామ స్నేహితుల బావులకూ కొన్ని డబ్బాలు బిగించాం. ఏం నొక్కాలో డబ్బాయే చెబుతుందని రైతులకు విడిగా ఏమీ వివరించలేదు. గొంతు కోసం ఫణి వాళ్ల బంధువులమ్మాయి చేత చదివించాం. తేనె పూసినట్టు ఉండేది ఆ అమ్మాయి గొంతు. "నమస్కారం. మీ పంపుసెట్టుకు విద్యుత్ సరఫరా ప్రారంభమైంది. మోటారు నడపదలచుకుంటే దయచేసి ఒకటి నొక్కండి." వింటుంటే మాకే ముచ్చటేసేది. రోజూ కంప్యూటర్‌లో చూసుకునేవాళ్లం, డబ్బా చేసిన ఫోన్లు ఎన్ని, రైతులు ఎత్తినవి ఎన్ని అని. చేసిన ప్రతి ఫోనూ ఎత్తుతున్నారు! కానీ మోటార్లు మాత్రం నడవడం లేదు. రైతులు ఎప్పటిలాగే భుజాన తువ్వాల వేసుకుని బావుల దగ్గరకు నడుస్తున్నారు. తప్పు సిగ్నల్‌దే అనుకున్నాం. వెదురు బొంగులకు యాంటెనాలు కట్టాం. సిమ్ కార్డులు మార్చాం. నంబరు నొక్కితే గుర్తుపట్టే భాగం పాడైందేమోనని డబ్బాలన్నీ విప్పి మళ్లీ సోల్డరింగ్ చేశాం. మిరప ఘాటుకు తోడు ఆ పొగ కూడా చేరి ఇంటిల్లిపాదీ దగ్గడం మొదలైంది. అదే వాకిట్లో, మాకు మూరెడు దూరంలో మంచం మీద కూర్చున్న మామను అడగాలని మాత్రం మా ఇద్దరికీ తోచలేదు. మామ అంటే అన్నం పెట్టే ఇంటాయన. కస్టమర్ అంటే ఇంకెక్కడో బయట ఉంటాడని మా నమ్మకం.

ఒక మధ్యాహ్నం మేము డబ్బా విప్పుకుని కూర్చుని ఉండగానే మామ ఫోన్ మోగింది. ఎత్తాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, వెంటనే కట్ చేసి జేబులో వేసుకున్నాడు. "ఎవరు మామా?" అన్నాను. "గా పిల్లే. రోజు జేస్తది," అన్నాడు. "ఏ పిల్ల?" "గదేనే, పాటలు పెట్టుకొమ్మనే పిల్ల. నమస్కారం అనంగనే కట్ జేస్త. అసలే ఎత్తకపోతే మల్ల మల్ల జేసి పరేషాన్ జేస్తదని ఎత్తి బందు వెడుత. ఒకటి ఒత్తు అంటది సూడు, గది మాత్రం ఒత్తద్దు. ఒత్తితె ఫోన్ల పైసలు పోతయ్. ఊర్లె అందరికి నేనే జెప్పిన." ఆ రోజుల్లో కాలర్ ట్యూన్లు పెట్టుకోమని ఫోన్లకు అలాంటి రికార్డు కాల్స్ వచ్చేవి, సరిగ్గా అలాంటి తియ్యటి గొంతుతోనే, సరిగ్గా ఒకటి నొక్కమనే. తియ్యగా మాట్లాడే పిల్ల ఫోన్ చేస్తే ఏమీ నొక్కకూడదని మామ ఊరంతటికీ నేర్పాడు. మేము అదే పిల్లను తెచ్చి, అదే నొక్కమంటున్నాం. ఫణి చేతిలోని సోల్డరింగ్ ఐరన్ మెల్లగా కింద పెట్టాడు. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత అన్ని వారాల చాకిరీ గుర్తొచ్చి నీరసం వచ్చింది.

ఏం చేయాలో తోచక మరునాడు ఇద్దరం కల్లంలో ఆడవాళ్ల దగ్గర కూర్చుని, ఎర్రకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాం. చేతులకు ఏదో ఒక పని ఉండాలిగా. కాసేపటికి ఫణి ఆలోచనలో పడి, ఆ చేతులతోనే కళ్లు తుడుచుకోబోయాడు. కల్లం అవతలి కొస నుంచి ఒక్క అరుపు. "నులుమకు! ఒరేయ్ పిలగా, చెయ్యి తియ్యి! కండ్లు నులుమకు!" అప్పటికే ఒక కన్ను అయిపోయింది. అత్తమ్మ కొంగు నడుముకు చుట్టి పరుగెత్తుకొచ్చింది. చల్లటి నీళ్లు కొట్టింది, పాలల్లో గుడ్డ ముంచి కంటి మీద వేసింది, చేతులు పనిచేస్తుంటే నోరు కూడా ఆగలేదు. "గింత సదువు సదివినవ్. మిరపకాయ పట్టిన చెయ్యి కంటికి పెట్టద్దని ఎవలు జెప్పలేదారా? మీ అమ్మ నాకు అప్పజెప్పి తోలిచ్చింది నిన్ను. రేపు ఆమెకు ఏం జవాబు జెప్పాలె?" ఫణి కంటి మీద గుడ్డతో పడుకుని నవ్వుతున్నాడు. "అత్తయ్యగారు నాతో మాట్లాడారు!" అంటున్నాడు. కాస్త మంట తగ్గాక నా వైపు తిరిగి, "ఆ కేక వినగానే రెండో చెయ్యి దానంతటదే దిగిపోయింది. మన డబ్బాకు కావలసిన గొంతు ఇదే," అన్నాడు.

అత్తమ్మను అడిగాం. "నా గొంతా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అంది. "గా పిల్ల ఎంత ముద్దుగ మాట్లాడుతది! నాది గొడ్డును అదిలిచ్చే గొంతు. ఫోన్ల వెడితె ఊరూరు నవ్వుతది బిడ్డా." నేను వదల్లేదు. పొయ్యి దగ్గర అడిగాను, బోరింగు దగ్గర అడిగాను, తల దువ్వుతుంటే అడిగాను. చివరికి రొట్టె పెనం మీద వేస్తూ, నా వైపు చూడకుండా అంది: "ఒక్క ముచ్చట. ఎవలన్న నవ్విన్రనుకో, తెల్లారె వరకు తీసెయ్యాలె. ఒట్టు వెయ్యి." పిండి అంటిన ఆమె చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాను. ఆ ఒట్టు ఎంత బరువైనదో నాకు తెలుసు. ఎవరైనా నవ్వితే మా డబ్బాకు మిగిలిన ఒక్క దారీ పోతుంది, అది సరే. పొలిమేర దాటితే మూగబోయే మనిషి, ఆ తర్వాత పొలిమేర లోపల కూడా మూగబోతుందేమోనని నా భయం.

రికార్డు చేసే రోజు మైకు చూడగానే అత్తమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. "రైతు సోదరులకు నమస్కారములు," అంది సన్నటి గొంతుతో, రేడియోలో వార్తలు చదివినట్టు. మామ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు చెప్పినా అదే వరస. చివరికి ఫణి మైకు తీసుకెళ్లి తలుపు వెనక పెట్టాడు. మామను వాకిట్లో మంచం మీద పడుకోబెట్టాం. "మైకు సంగతి మరిచిపో అత్తమ్మా, కరెంటొచ్చింది, మామను లేపు," అన్నాను. ఇక చూడండి. "గిగో, ఇంటున్నవా? కరెంటొచ్చింది! ఒకటి ఒత్తు, మోటర్ నడుస్తది. మల్ల పండుకునేవు!" చివరి మాట మేము రాసిచ్చింది కాదు. మామ నిజంగానే మళ్లీ కళ్లు మూసుకోవడం చూసి అన్నది. అలాగే ఉంచేశాం.

ఆ వారం మోటార్లు నడిచాయి. ఒక్క రైతు కూడా ఫోన్ కట్ చేయలేదు. పెళ్లాన్ని కాని, మేనత్తను కాని కట్ చేసే ధైర్యం ఎవరికుంటుంది? మామ అయితే ప్రతిసారీ ఫోన్‌లో "ఆఁ, ఇన్న, ఇన్న" అని జవాబు చెప్పి మరీ ఒకటి నొక్కేవాడు. కల్లంలో ఆడవాళ్లు అత్తమ్మను ఆటపట్టించడం మొదలుపెట్టారు. "ఏందక్కా, మా ఆయినను రోజు నువ్వే లేపుతున్నవంట?" అంటే, "నువ్వు లేపితె లేస్తలేడనే గదనే నాకు జెప్పిన్రు," అని అత్తమ్మ తిరగేసి కొట్టేది. కల్లమంతా నవ్వులు. నేను ఒట్టు గుర్తొచ్చి ఆమె ముఖంలోకి చూసేదాన్ని. అందరికన్నా గట్టిగా తనే నవ్వుతుండేది. అది తనవాళ్ల నవ్వు. అది లెక్కలోకి రాదని నాకు అర్థమైంది.

ఆ మాఘంలోనే జనగామలో ఒక కాలేజీ వాళ్లు కొత్త వస్తువుల ప్రదర్శన పెట్టారు. చిన్న చిన్న కంపెనీలకు పెట్టుబడి పెట్టే పెద్దలు హైదరాబాద్ నుంచి వస్తారన్నారు. వాళ్లకు నచ్చితే డబ్బా నాలుగు ఊళ్లు దాటుతుంది, లేకపోతే ఫణి వాళ్ల ఊరికి, నేను చెల్పూర్‌కు. అత్తమ్మ తనూ వస్తానంది. వద్దనలేకపోయాను. మామతో సహా నలుగురం మానుకోటలో రైలెక్కాం. వరంగల్ దాటాక ధైర్యం చేసి చెప్పాను. "అత్తమ్మా, అక్కడ అందరూ కొత్తవాళ్లు. నవ్వినా నవ్వుతరు. ఈ ఒక్కరోజుకు డబ్బాల ఆ పిల్ల గొంతే పెడుదమా?" అత్తమ్మ కిటికీ వైపు తిరిగింది. "పెట్టు. గా పిల్లదే పెట్టు," అంది. ఆ తర్వాత జనగామ దాకా కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఆమెను కాపాడుతున్నాననే అనుకున్నాను.

కాలేజీ హాలు నిండిపోయింది. అత్తమ్మా మామా చివరి వరసలో, మా ఇద్దరి కోసం మధ్యలో రెండు కుర్చీలు ఖాళీగా ఉంచి కూర్చున్నారు. మేము వేదిక మీద చిన్న మోటారు పెట్టి డబ్బా పనిచేయడం చూపించాం. తేనె గొంతు నమస్కారం పెట్టింది. ఎవరూ నవ్వలేదు. అందరూ మర్యాదగా తలలు ఊపారు. ముందు వరసలో కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దాయన అడిగాడు. "బాగుందమ్మా. కానీ ఇలాంటి ఫోన్లు రోజుకు ఎన్నో వస్తాయి. రైతు నిజంగా వింటున్నాడా?" నేను జవాబు చెప్పబోతుండగా వెనక నుంచి ఫోన్ మోగింది. మామది. మా ఊళ్లో మధ్యాహ్నం కరెంటు వచ్చినట్టుంది, బావి దగ్గరి డబ్బా తన పని తాను చేసింది. మామకు చెవులు కాస్త మందం. సందడి ఉన్నచోట ఫోన్ స్పీకర్ మీద పెట్టుకుంటాడు. ఎత్తాడు.

"గిగో, ఇంటున్నవా? కరెంటొచ్చింది! ఒకటి ఒత్తు, మోటర్ నడుస్తది. మల్ల పండుకునేవు!"

"ఆఁ, ఇన్న, ఇన్న," అన్నాడు మామ, హాలంతా వినిపించేలా.

హాలు ఘొల్లుమంది. ఒకరిద్దరు కాదు, అందరూ. వేదిక ఎదుట కూర్చున్న పిల్లలు కుర్చీల మీద వెనక్కి వాలి నవ్వారు. ఎవరో "మల్ల పండుకునేవు" అని అనుకరించారు కూడా. అత్తమ్మ వైపు చూడలేక చూశాను. ఆమె లేచి నిలబడి ఉంది. వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె నడవలేదు, నవ్వుతున్నవాళ్ల వైపు చూడనూ లేదు. మధ్యలో ఖాళీ కుర్చీల మీదుగా మామ వైపు వంగి, తెల్లవారుజామున మూడు దారుల దగ్గర నిలబడి పిలిచే గొంతుతో అడిగింది.

"ఒత్తినవా?"

"ఒత్తిన," అన్నాడు మామ.

"నీళ్ల గేట్‌వాల్ మిరప దిక్కు తిప్పచ్చినవా, ఇంక వరి దిక్కే ఉన్నదా?"

మామ తల గోక్కున్నాడు. "తిప్పిననే... తిప్పిననుకుంట."

"అనుకుంటవా? పొద్దుగాల ఇంట్ల నుంచి ఎల్లేటప్పుడు జెప్పిన గద! మిరప ఎండుతాంది. మల్లయ్యకు ఫోన్ జెయ్యి, ఉరికి సూసి రమ్మను!"

నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఫోన్‌లో విన్న గొంతూ ఎదురుగా వింటున్న గొంతూ ఒకటేనని ఒక్కొక్కరికీ అర్థమవుతోంది. మామ ఫోన్ చేశాడు. మల్లయ్య మా పక్క పొలం రైతు. అతను పరుగెత్తి చూసి మళ్లీ ఫోన్ చేసేదాకా, హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దలతో సహా ఆ హాలంతా మా మిరపచేను కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఫోన్ మోగింది. మామ విని, ముఖం విప్పార్చుకుని చెప్పాడు. "తిరిగే ఉన్నదంట. మిరపకే పారుతున్నయంట." అప్పుడు అత్తమ్మ కూర్చుంది. కళ్లజోడు పెద్దాయన నా వైపు తిరిగి, "ఆ గొంతు ఈవిడదేనా?" అన్నాడు. అవునన్నాను. "మరి మీరు మాకు ఇందాక వినిపించింది ఎవరిది?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండానే నవ్వుతూ అత్తమ్మకు దణ్ణం పెట్టాడు.

ఆ పెద్దల పెట్టుబడితో డబ్బా ఊళ్లు దాటింది. జనగామ దిక్కు, మానుకోట దిక్కు, భూపాలపల్లి దిక్కు పొలాల్లో అత్తమ్మ ఎందరినో లేపింది. ఫణి వాళ్ల వైపు బిగించినప్పుడు వాళ్ల నాయనమ్మ చేత చెప్పించాం, "ఏరా అబ్బాయ్, కరెంటొచ్చిందిరా, లేవరా" అని. ఏ ఊరికి వెళితే ఆ ఊళ్లో అందరూ మాట వినే మనిషి ఎవరో ముందు కనుక్కునేవాళ్లం. తర్వాత పొలాలకు రోజంతా కరెంటు వచ్చింది. మా డబ్బా అవసరమే లేకుండా పోయింది. మీ వస్తువు చచ్చిపోతే బాధ అనిపించలేదా అని కాలేజీ పిల్లలు అడుగుతారు. ఎందుకు బాధ? మామ రాత్రుళ్లు నిండా నిద్రపోతున్నాడు. ఇప్పటి పిల్లల చేతుల్లో పనిముట్లు మాకన్నా ఎన్నో రెట్లు మెరుగు. మేము నెలలు తిప్పలు పడ్డ పని వాళ్లు వారంలో చేసేస్తారు. గొంతు కూడా యంత్రమే తయారు చేసి ఇస్తుంది, తప్పు లేకుండా, తడబడకుండా. వాళ్లను చూస్తే నాకు నిజంగా ముచ్చటేస్తుంది. ఒక్కటే దిగులు. ఆ గొంతు వెనక, మళ్లీ కళ్లు మూసుకునే మామ ఎవరూ లేరు. మా యాస కూడా ఇప్పుడు సినిమాల్లో హీరోల నోటికెక్కింది, పిల్లలు ఫోన్లలో వీడియోలు చేసి పెడితే అన్ని జిల్లాల వాళ్లూ ఇష్టంగా చూస్తున్నారు. మొన్న భూపాలపల్లి నుంచి అత్తమ్మ కూతురు, మా వదిన, ఫోన్ చేసి, కంటి డాక్టరుతో అత్తమ్మ గంటసేపు వాదించిందని మొత్తుకుంది. నాకు ఎంత సంతోషమైందో వదినకు చెప్పలేదు, చెబితే తిడుతుంది.

ప్రదర్శన జరిగిన ఆ సాయంత్రం జనగామ స్టేషన్‌లో రైలు ఆలస్యమైంది. ఫణి టీ తేవడానికి వెళ్లాడు. మామ సంచి మీద తల పెట్టి బెంచీ మీద వాలాడు. అత్తమ్మ ఉడకబెట్టిన పల్లికాయలు కొని, ఒలిచి నా చేతిలో పోస్తోంది. నేను తినలేకపోతున్నాను. పెట్టుబడి వస్తుందన్న సంబరం కన్నా ఒట్టు బరువే ఎక్కువగా ఉంది. చివరికి అనేశాను. "అత్తమ్మా, నీకు మాట ఇచ్చిన. హాల్ల అందరు నవ్విన్రు. ఊరికి పోంగనే అన్ని డబ్బాలల్ల నీ గొంతు తీసేస్త."

అత్తమ్మ ఒలవడం ఆపి నా ముఖంలోకి చూసింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"ఎవలు నవ్విన్రు బిడ్డా?" అంది.